చెల్లీ, నడక ఒక్కటే చాలదు

చెల్లీ,

మొన్న ఫోన్లో "పడతానేమోనని భయమక్కా, అందుకే ఎక్కువగా కూర్చునే ఉంటున్నా" అన్నావు చూడు, అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. కూర్చుంటే కాళ్లలో సత్తువ ఇంకా తగ్గుతుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. లేచి డాన్స్ చెయ్యి. నిజంగానే చెబుతున్నా.

నేను పడింది నీకు తెలుసుగా. రోజూ గంట నడిచే మనిషిని. వెనక నుంచి ఎవరో పిలిస్తే గబుక్కున తిరిగాను, బరువంతా ఒక కాలి మీదే ఉండిపోయింది, రెండో కాలు ఆనేలోపే పడిపోయాను, మణికట్టు విరిగింది. నడకలో మనం ఎప్పుడూ ముందుకే వెళ్తాం. పక్కకి జరగడం, వెనక్కి అడుగెయ్యడం, తిరగడం, వీటికి సాధన ఏది? కెనడాలో వృద్ధాశ్రమాల కెమెరాల్లో రికార్డయిన, పెద్దవాళ్లు పడిపోయిన 227 సంఘటనలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం కాలు జారడం కాదు, ఒంటి బరువును సరిగ్గా మార్చుకోలేకపోవడం. డాన్స్‌లో ప్రతి అడుగూ ఆ బరువు మార్చుకోవడమే కదా.

ఇంకోటి గమనించుకో. నడుస్తుండగా ఎవరైనా పలకరిస్తే ఆగిపోయి జవాబు చెబుతున్నావా? అలా ఆగేవాళ్లు పడే అవకాశం ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 1997లోనే చెప్పారు. తాళం వింటూ, తర్వాతి అడుగు గుర్తుపెట్టుకుంటూ కదిలితే కదలడం, ఆలోచించడం రెండూ కలిసి సాగడం అలవాటవుతుంది. జెనీవాలో 65 దాటిన 134 మందితో చేసిన అధ్యయనంలో వారానికి గంట చొప్పున 6 నెలలు పియానోకి తగ్గట్టు అడుగులు వేయిస్తే, పడటం దాదాపు సగానికి తగ్గింది.

మొదట కదలని బరువైన కుర్చీ వెనక నిలబడి దాని మీద వేళ్లు ఆనించు, గట్టిగా పట్టుకోకు. నెమ్మదైన పాట పెట్టుకో. అడుగు వెయ్యకుండానే బరువు మెల్లగా కుడికాలి మీదకి తీసుకో, ఎడమ మడమ తేలికై దానంతటదే నేల మీంచి లేచేదాకా, ఆ తర్వాత ఎడమకి. తొందరపడకు, ఇది ఒక్కటే కుదరడానికి నాకు వారం పట్టింది. తర్వాత పక్కకి ఒక అడుగు, రెండో కాలు దగ్గరికి. ఆ తర్వాతే వెనక్కి. తిరిగేటప్పుడు ఒంటికాలి మీద గిర్రున తిరగొద్దు, నాలుగైదు చిన్న అడుగుల్లో తిరుగు. పాదాలకేసి చూడకు, ఒళ్లు ముందుకి తూలుతుంది.

సాక్స్‌తో వద్దు, వదులు చెప్పులతో అసలే వద్దు. వారానికి 3 రోజులైనా చెయ్యి. లేవగానే కళ్లు తిరుగుతుంటే మాత్రం ముందు డాక్టర్‌కి నీ బీపీ మాత్రలు, నిద్రమాత్రలు అన్నీ చూపించు, మందుల వల్ల వచ్చే తూలుడు డాన్స్‌తో పోదు.

ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ చేస్తా. కుర్చీ సిద్ధంగా పెట్టుకో, మొదటి పాట ఇద్దరం కలిసే చేద్దాం.

మీ అక్క