శనివారం గదిలో కూర్చోకు, స్టేడియానికి వెళ్లు

తమ్ముడూ, నువ్వు అడిగింది శనివారం మన యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి టికెట్ ఎలా కొనాలి, బ్యాగ్ తీసుకెళ్లొచ్చా, ఈ అమెరికన్ ఫుట్‌బాల్ ముక్క కూడా తెలియకపోతే అంతసేపు ఏం చేయాలి అని. అవన్నీ చెబుతాను. కానీ నీ మెయిల్‌లో నా కన్ను ఆగింది చివరి లైను మీద, "ల్యాబ్‌లో వాళ్లు రమ్మన్నారు, హోంవర్క్ ఉందని చెప్పి తప్పించుకుందామనుకుంటున్నా" అని రాశావు చూడు, అక్కడ. వద్దు, తప్పించుకోవద్దు. నువ్వు అమెరికాకి, ఈ అయోవా సిటీకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఇప్పుడు కాదంటే ఇంకోసారి అడుగుతారు, అప్పుడూ కాదంటే ఇక అడగరు. మనలా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లే అలవాటు ఇక్కడివాళ్లకి లేదు. రానన్నావంటే నీకు ఇష్టం లేదనుకుని, నిన్ను ఇబ్బంది పెట్టకూడదని ఊరుకుంటారు. మనమేమో మొహమాటానికి ఒకసారి కాదని, మళ్లీ పిలుస్తారులే అని చూస్తూ కూర్చుంటాం. నా మొదటి ఏడాది మొత్తం ఇలాగే పోయింది.

ఆ ఏడాది శనివారాలు ఎలా ఉండేవో చెబుతా విను. పొద్దున్నే ఊరంతా నలుపూ పసుపూ, మన యూనివర్సిటీ జట్టు రంగులు. నది మీది వంతెన దాటి జనం బారులు బారులుగా పడమటి వైపు కినిక్ స్టేడియానికి నడిచేవారు, నేను వాళ్లకి ఎదురు నడుస్తూ లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. అక్కడ మనిషన్నవాడు కనపడేవాడు కాదు. మధ్యాహ్నం గదికి వచ్చి కుక్కర్ పెట్టుకుంటే నదికి అవతలి నుంచి ఒక్కసారిగా హోరు లేచేది, దాదాపు డెబ్భై వేల మంది ఒకేసారి అరిస్తే కిటికీ వేసినా వినపడుతుంది. ఇంటికి ఫోన్ చేద్దామా అంటే అక్కడ అర్ధరాత్రి. రూమ్మేట్ పార్ట్‌టైమ్ పనికి పోయేవాడు. టికెట్ ధరని రూపాయల్లోకి మార్చుకుని, ఈ డబ్బుతో ఇన్ని రోజుల కిరాణా వస్తుంది, మనకెందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. అసలు కారణం డబ్బు కాదు, ఎవరితో వెళ్లాలో తెలియకపోవడం. నువ్వు కూడా టికెట్ ధర గురించి నాలుగు లైన్లు రాశావు కాబట్టి చెబుతున్నా.

చివరికి పట్టుదలకి పోయి ఒక్కణ్ణే వెళ్లాను. పక్క రాష్ట్రం విస్కాన్సిన్ యూనివర్సిటీతో మ్యాచ్, నవంబరు, చలి. బయల్దేరేటప్పుడు అమ్మ కొనిచ్చిన ఉన్ని స్వెటర్ వేసుకున్నాను, ఎర్రటిది. గేటు దగ్గర నుంచే మొదలైంది. పక్కనుంచి పోయేవాళ్లు 'బూ' అంటున్నారు, ఒక పెద్దాయన నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, వెనక వరసలో కుర్రాళ్లు ఏదో అరిచి పగలబడి నవ్వారు. వాళ్ల మాటలు సగం అర్థం కాలేదు. నాకు తోచింది ఒక్కటే, నా ఒంటి రంగు చూసే అంటున్నారు, నేనిక్కడికి రాకుండా ఉండాల్సింది అని. ఆట సగం కూడా అవకుండా లేచి వచ్చేశాను. ఆ రాత్రి అమ్మతో మాత్రం చాలా బాగుందని చెప్పాను, తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు.

సోమవారం ల్యాబ్‌లో ఒక సీనియర్ గుచ్చి గుచ్చి అడిగితే విషయం చెప్పాను. అతను ముందు అడిగింది, ఏ రంగు వేసుకున్నావ్ అని. ఎరుపు విస్కాన్సిన్ వాళ్ల రంగట. నన్ను అవతలి జట్టు మనిషి అనుకున్నారు, అవతలి జట్టు వాళ్లని అలా ఆటపట్టించడం ఇక్కడ మామూలు, తిరిగి నవ్వుతూ ఒక మాట అనేస్తే అక్కడితో అయిపోయేది. వివక్ష ఎక్కడా లేదని నేను చెప్పను, ఉంది, ఎదురైతే ఎదుర్కోవాలి కూడా. కానీ ఒంటరిగా ఉన్నవాడికి ఎవరు నవ్వినా తనని చూసే నవ్వినట్టుంటుంది. ఆ రోజు పక్కన ఒక్కడు ఉండి "నీ స్వెటర్ వల్లరా" అని చెప్పి ఉంటే నాకు అన్ని నెలల దిగులు తప్పేది. అందుకే మొదటిసారి ఒక్కడివే వెళ్లకు. నలుపో పసుపో వేసుకో, ఎరుపు జోలికి పోకు, ఇంకో పక్క రాష్ట్రం నెబ్రాస్కా వాళ్లదీ ఎరుపే, మన రాష్ట్రంలోనే ఉన్న వేరే యూనివర్సిటీ అయోవా స్టేట్ వాళ్లదీ ఎరుపు జాతే.

తర్వాతి సీజన్‌లో ఆ సీనియరే నన్ను టెయిల్‌గేట్‌కి, అంటే ఆటకి ముందు కార్ల దగ్గర చేసుకునే విందుకి, తీసుకెళ్లాడు. ఆట పదకొండింటికైతే ఏడింటికల్లా మెల్రోజ్ అవెన్యూలో ఉన్నాం. స్టేడియం పక్కనే ఉన్న వీధి అది, ఆట రోజు ఇళ్లవాళ్లు తమ ముందున్న గడ్డిలోనే డబ్బులు తీసుకుని కార్లు పెట్టుకోనిస్తారు, కార్ల వెనక డిక్కీలు తెరిచి, మడత కుర్చీలు వేసి, గ్రిల్లులు వెలిగిస్తారు. పొగ, మాంసం వాసన, చెక్క పలక కన్నంలోకి చిన్న సంచులు విసిరే కార్న్‌హోల్ ఆట, ఎవరో ఒకరి రేడియో. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని ఒక పక్కన నిలబడితే ఒక ముసలావిడ వచ్చి చేతిలో ప్లేటు పెట్టి, ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇక్కడ చలికి కోటు కొన్నావా అని వరసగా అడిగింది. ఆ చివరి ప్రశ్న నన్ను అంతవరకూ ఈ దేశంలో ఎవరూ అడగలేదు. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్‌కి, ఇక్కడ నవంబరులో కుటుంబాలన్నీ కలిసి భోంచేసే పండక్కి, ఆవిడా ఆవిడ భర్తా నన్ను వాళ్లింటికి పిలిచారు. ఈ రోజుకీ మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి ఫోన్ ఆవిడకే. ఇదంతా ఆ వీధిలో మొదలైంది, స్టేడియం లోపల కాదు. ఇప్పుడొచ్చే మీ కుర్రాళ్లకిది అర్థం కావడం లేదు, టికెట్ కొని ఆట మొదలయ్యే సమయానికి వెళ్లి, ఫోటో పెట్టి, వచ్చేస్తున్నారు. లోపల అందరూ ఆట చూస్తారు, నీతో మాట్లాడేది బయట. మూడు నాలుగు గంటల ముందే వెళ్లు, అయ్యాక కూడా వెంటనే పరిగెత్తుకు రాకు.

ఉత్త చేతులతో పోకు. ఒక డబ్బా నిండా ఉల్లి పకోడీలు పట్టుకెళ్లు, ఇదేంటి ఎలా చేశావు అని వాళ్లే వచ్చి మాట్లాడతారు, నువ్వు మాట వెతుక్కోనక్కర్లేదు. శాకాహారివైతే ముందే చెప్పు, గ్రిల్ మీద మొక్కజొన్న కండెలో కూరగాయలో వేసిపెట్టేవాళ్లు ఉంటారు. మందు విషయంలో, 21 నిండకపోతే ముట్టుకోకు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి పోలీసు కేసు చిన్న సంగతి కాదు. నిండినా తాగననంటే ఎవరూ బలవంతపెట్టరు, కోక్ డబ్బా పట్టుకుని నిలబడొచ్చు.

బ్యాగ్, టికెట్ నియమాలు యూనివర్సిటీ అథ్లెటిక్స్ సైట్‌లో ఉంటాయి, ఏటా మారుతుంటాయి, వెళ్లే ముందు రోజు చూసుకో. చాలా చోట్ల పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచీనే రానిస్తారు, లైబ్రరీ నుంచి లాప్‌టాప్ బ్యాగ్‌తో నేరుగా వెళ్తే గేటు దగ్గర వెనక్కి పంపుతారు. టికెట్ ఇప్పుడు ఫోన్‌లోనే, కాబట్టి ముఖం తెలియనివాడు స్క్రీన్‌షాట్ పంపిస్తానంటే డబ్బు పంపకు, తెలిసినవాళ్ల దగ్గర నుంచి నీ అకౌంట్‌కే ట్రాన్స్‌ఫర్ చేయించుకో. కారుంటే ఇంటి దగ్గరే వదిలెయ్, యూనివర్సిటీ బస్సు క్యాంబస్ ఉచితమే.

ఆట గురించి భయపడకు. నాలుగు బంతుల్లో పది పరుగులు కొట్టాలి, కొడితే మళ్లీ నాలుగు బంతులు ఇస్తారు అనుకో. ఇక్కడ బంతులు డౌన్లు, పరుగులు గజాలు. అలా చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు, ఆపైన తన్నితే ఇంకొకటి. దూరం నుంచి కర్రల మధ్య తన్నితే 3. పావుగంట చొప్పున నాలుగు భాగాలే, వాటినే క్వార్టర్లంటారు, అయినా ఆగి ఆగి ఆడతారు కాబట్టి మూడున్నర గంటలు పడుతుంది. స్టూడెంట్ సెక్షన్‌లో దాదాపు ఆసాంతం నిలబడే ఉంటారు, మంచి బూట్లు వేసుకో. అర్థం కానిది పక్కవాణ్ణి అడుగు, ఆనందంగా చెబుతారు, మాట కలపడానికి అంతకంటే మంచి దారి లేదు. స్టేడియానికి ఎవరి పేరు పెట్టారో తెలుసుకుని వెళ్లు: నైల్ కినిక్, 1939లో దేశంలో ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, 1943లో నౌకాదళ శిక్షణలో విమానం సముద్రంలో పడి చనిపోయాడు. మిన్నెసోటాతో ఆట అయితే గెలిచినవాళ్లకి కంచు పంది బొమ్మ ఇస్తారు, 1935 నుంచీ నడుస్తున్న పందెం. ఈ రెండు ముక్కలు తెలిస్తే ల్యాబ్‌లో సోమవారం కూడా నీకు మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

లోపలికి వెళ్లాక ఒక్కటి మాత్రం మిస్ అవకు. మొదటి క్వార్టర్ అయిపోగానే ఫోన్ చూసుకోవద్దు, టాయిలెట్‌కి లేవొద్దు. స్టేడియం పక్కనే పిల్లల ఆసుపత్రి ఉంది, దాని పై అంతస్తుల కిటికీల్లోంచి మైదానం కనపడుతుంది. 2017 నుంచి ప్రతి ఆటలోనూ ఆ సమయానికి స్టేడియంలో ఉన్నవాళ్లంతా, ఆటగాళ్లు, రిఫరీలు, అవతలి ఊరి నుంచి వచ్చినవాళ్లతో సహా, అటు తిరిగి చేతులు ఊపుతారు. పిల్లలు అద్దాల వెనక నుంచి ఊపుతారు. రాత్రి ఆటయితే ఫోన్ లైట్లు వేస్తారు. మా అమ్మాయిని ఎత్తుకుని నేను మొదటిసారి ఊపిన రోజు, నా పక్కన విస్కాన్సిన్ ఎర్ర జాకెట్ వేసుకున్న ఒకాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఈ ఊరు నాదే అని నాకు అనిపించింది అప్పుడే, ఇల్లు కొన్నప్పుడు కాదు, గ్రీన్‌కార్డ్ వచ్చినప్పుడూ కాదు.

నవంబరు ఆటలకి బట్టల లోపల వెచ్చటి థర్మల్స్ వేసుకో, రెండు జతల సాక్సులు వేసుకో, బెంచీ మీద వేసుకోవడానికి ఏదైనా పట్టుకెళ్లు, చలి కింద నుంచే ఎక్కుతుంది. ఫుట్‌బాల్ టికెట్ మరీ ఎక్కువనిపిస్తే టెయిల్‌గేట్‌కి మాత్రం వెళ్లిరా, దానికి టికెట్ లేదు. చలికాలం వచ్చాక కార్వర్-హాక్‌ఐ అరీనాలో బాస్కెట్‌బాల్, రెజ్లింగ్ ఉంటాయి, లోపల వెచ్చగా ఉంటుంది. అమ్మాయిల బాస్కెట్‌బాల్‌ని తక్కువగా చూడకు, మన జట్టు స్టార్ కైట్లిన్ క్లార్క్ ఆడే రోజుల్లో, 2023 అక్టోబరులో, ఒక ఆటని కినిక్ స్టేడియంలోనే పెడితే 55,646 మంది వచ్చారు. డిసెంబరు, జనవరి నెలల్లో నాలుగున్నర, ఐదింటికే చీకటి పడి, గదిలో మనసు కుంగిపోయేది అప్పుడే, అలాంటి సాయంత్రాలకి ఇప్పటి నుంచే నలుగురు కావాలి నీకు.

కాబట్టి ముందు ల్యాబ్‌లో వాళ్లకి వస్తానని ఈ రోజే మెసేజ్ పెట్టు, ఎన్నింటికి ఎక్కడ కలవాలో అడుగు. శుక్రవారం రాత్రికి హోంవర్క్ ముగించెయ్.