కొండకు వెళ్తున్న వాడికి, కింద కూర్చున్న వాడి ఉత్తరం

వడపళని, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వూ నీ మిత్రులూ వెళ్లబోయే కొండ నడక మీద తీసే సినిమాకు నువ్వు రాసి పంపిన వ్యాఖ్యానం చదివాను. బాగుందని చెప్పడానికి నోరు రావడం లేదు. మీరింకా బయలుదేరనే లేదు, నువ్వేమో అప్పుడే పది పేజీలు ముగించేశావు. హిమాచల్ ప్రదేశ్‌లోని పార్వతీ లోయలో మొదటి రోజు ఏం చూస్తావో, పిన్ పార్వతి కనుమ మీద నిలబడి ఏమనుకుంటావో అన్నీ ముందే తేల్చేసుకున్నావు. ‘ధవళ శిఖరాలు’, ‘ప్రకృతి ఒడి’, ‘మనిషి ఎంత అల్పుడు’ వంటివి షోలింగనల్లూరు ఆఫీసులో కిటికీ పక్కన కూర్చునే రాయవచ్చని నువ్వే రుజువు చేశావు. వాటి కోసం 5,300 మీటర్లు ఎక్కడం ఎందుకు బాబూ? ఆ పది పేజీలు పక్కన పెట్టు. సినిమా తీసుకురా, మాటల సంగతి తర్వాత చూద్దాం.

నేను కొండలెక్కే మనిషిని కానని నీకు తెలుసు. కోడంబాక్కంలో, సాలిగ్రామంలో ఎడిటింగ్ గదుల్లో కూర్చుని, ఎక్కి వచ్చినవాళ్ల ఫుటేజీకి తెలుగు మాటలు రాసినవాణ్ణి. ఎలా నడవాలో మీ గైడు చెబుతాడు. ఆయన మాట జవదాటకండి. కొండల నుంచి వచ్చే ఫుటేజీలో ఏమేమి కనిపించవో మాత్రం నేను చెప్పగలను. వాలు కనిపించదు. చలి కనిపించదు. భుజాలు కోసుకుపోయే బరువు, ఊపిరి అందకపోవడం, దూరం ఇవేవీ కనిపించవు. కనిపించేదల్లా అందమే. అది ఎంత కావాలంటే అంత ఉంటుంది. పావుగంట చూసేసరికి ప్రేక్షకుడు ఆవలిస్తాడు.

వాలు సంగతే తీసుకో. మన తిరుమల మెట్ల దారిలో మోకాళ్ల పర్వతం నువ్వు ఎక్కినదే. అక్కడ తీసుకున్న ఫొటో ఒకసారి ఫోనులో వెతికి చూడు. నీ కాళ్లకు తెలిసిన నిటారుతనం అందులో సగం కూడా ఉండదు. ఫోను కెమెరా వెడల్పుగా చూస్తుంది. పైగా ఎక్కేటప్పుడు మనం దాన్ని కూడా కొండతో పాటు పైకి ఎత్తేస్తాం. దాంతో ఏది సమతలమో పోల్చుకోవడానికి తెర మీద ఏమీ మిగలదు. వెనక నుంచి మనిషి వీపు తీస్తే ఎంతటి గోడ అయినా పార్కులో కాలిబాటలా ఉంటుంది. పక్క నుంచి తియ్యి. వీలైతే ఎదుటి వాలు మీద నుంచి, పొడుగు లెన్సుతో, కెమెరా కదలకుండా తియ్యి. వీపున మోసే రక్‌సాక్ సంచి నుంచి వేలాడే పట్టీ ఒకటి ఉంటుంది చూడు, అది ఎప్పుడూ నిట్టనిలువుగానే ఉంటుంది. ఆ పట్టీకీ కింది నేలకూ మధ్య కోణం చూస్తే చాలు, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. మడమలు కూడా చూపించు. నిజంగా ఏటవాలుగా ఉన్న చోట మడమ నేలను తాకదు, మునివేళ్ల మీదే పోవాలి. ‘చాలా నిటారైన దారి’ అని నువ్వు రాసుకున్న వాక్యం ఆ ఒక్క షాట్ ఉంటే ఇక అక్కర్లేదు.

ఊపిరి సంగతి చెవికే తెలుస్తుంది. కనుమ దగ్గర గాలి పీడనం మన మెరీనా దగ్గర ఉన్నదాంట్లో సుమారు సగం. ఆ మాట అంకెల్లో చెబితే ఎవరికీ పట్టదు. కాలర్ దగ్గర చిన్న మైకు పెట్టుకుని, ఎక్కుతూ ఎక్కుతూనే మాట్లాడు. రెండు మాటలకు ఒకసారి ఆగాల్సి వస్తే ఆగు. వాక్యం పూర్తి కాకపోతే పోనీ. సేద తీరాక, ముఖం కడుక్కుని, టోపీ సర్దుకుని చెప్పిన మాటలు నాకు వద్దు. అవి ఇక్కడ డబ్బింగ్ గదిలో కూడా చెప్పించవచ్చు. అయితే గాలి హోరు మైకును ముంచేస్తుంది. మైకుకు తొడిగే బొచ్చు తొడుగు కొనుక్కుని, ఒక సాయంత్రం బెసెంట్ నగర్ బీచ్‌లో నీళ్ల అంచున నిలబడి పరీక్షించు. అక్కడ నీ గొంతు వినిపించకపోతే కనుమ మీద ఆశలు పెట్టుకోకు.

ఇక్కడ కఠినంగా ఒక మాట. తలనొప్పి, వాంతి, తూలే నడక మీలో ఎవరికి కనిపించినా అది సన్నివేశం కాదు. కెమెరా ఆపి అతణ్ణి కిందికి దింపడమే పని. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచవద్దని వైద్యులు చెబుతారు. మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి కూడా ఉండాలి. సముద్రమట్టంలో పుట్టి పెరిగిన మన ఊరివాళ్లం ఆ నియమం దగ్గర తెలివితేటలు చూపించకూడదు. మీ సెలవు ఎన్ని రోజులో ముందుగా చూసుకుని, దానికి తగ్గట్టు ఇదే నడకను తక్కువ రోజుల్లోకి కుదించే పని చెయ్యకు. సెలవు చాలకపోతే చిన్న నడక ఎంచుకో, అదీ సినిమాయే అవుతుంది.

నడిచే షాట్ల గురించి నువ్వు ప్రత్యేకంగా అడిగావు. ట్రైపాడ్ పెట్టి, కెమెరా ఆన్ చేసి, ముందుకు నడిచి, మలుపు దాటి, మళ్లీ వెనక్కి వచ్చి, ట్రైపాడ్ మడిచి భుజాన వేసుకుని, మళ్లీ అదే దూరం నడవాలి. అంటే తెర మీద ఒక్కసారి కనిపించే వంద అడుగులు నువ్వు మూడుసార్లు నడుస్తావు. దారి మొదట్లో వచ్చే ఖీర్‌గంగా దాకా ఇది సరదాగానే ఉంటుంది. మాన్‌తలాయి సరస్సు దాటి, హిమానీనదం తోసుకొచ్చిన రాళ్ల గుట్టల మీద పడ్డాక ఒక్కో షాట్ ఎంత ఖరీదో తెలుస్తుంది. అందుకని రోజుకు ఇన్ని అని ముందే అనుకో, అంతకు మించి తియ్యకు. తీసిన షాట్లలో ఒకదాన్ని మాత్రం కత్తిరించకుండా ఉంచు. నువ్వు దూరంగా వెళ్లి, చుక్కంత అయిపోయి, మళ్లీ నెమ్మదిగా కెమెరా దగ్గరికి వచ్చి, రొప్పుతూ చెయ్యి చాచి దాన్ని ఆపేదాకా. ఈ రకం సినిమాల్లో ఎవరూ చూపించని శ్రమ అదే. చూసేవాడికి దూరం తెలిసేది కూడా అక్కడే. ఎడిటింగ్ దగ్గర కూర్చున్నవాళ్లు ‘తోక’ అని దాన్ని ముందు తీసేస్తారు. నా పేరు చెప్పి పోట్లాడు.

వాగులు దాటేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి. అక్కడి వాగులన్నీ మంచు కరిగి పారేవే కాబట్టి, ఎండ ఎక్కిన కొద్దీ నీరు పెరుగుతుంది. తెల్లవారుజామున మోకాలి లోతు ఉన్నది మధ్యాహ్నానికి నడుము దాటవచ్చు. గైడు పొద్దున్నే దాటుదామంటే వెలుతురు చాలదని వాదించకు. తీసేవాడు ముందే అవతలి ఒడ్డుకు చేరి ఉండాలి. చెయ్యి అందించాల్సిన వాడి చేతిలో కెమెరా ఉండకూడదు.

సామగ్రి గురించి నీకే ఎక్కువ తెలుసు, గబగబా చెప్పేస్తాను. చలికి లిథియం బ్యాటరీలు నీరసిస్తాయి. రాత్రి వాటిని స్లీపింగ్ బ్యాగులో, నీ పక్కనే పడుకోబెట్టుకో. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే దాదాపు 74 వాట్ అవర్లు, పరిమితి 100 కాబట్టి ఇబ్బంది లేదు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ పడుతుంది, కార్డులు ఆ లెక్కన కొను. ఏసీ కారులోంచి మన వీధిలోకి దిగగానే కళ్లద్దాలు మసకబారుతాయి కదా, రాత్రి చల్లబడ్డ కెమెరాను వెచ్చని గుడారంలోకి తెస్తే దానికీ అంతే. బయటే సంచిలో పెట్టి గాలి చొరకుండా మూసి, అప్పుడు లోపలికి తీసుకురా. మంచు మీద కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే తెల్లదనాన్ని బూడిద రంగు చేస్తుంది. కెమెరాలో వెలుతురు ఒక స్టాప్, అంటే ఒక మెట్టు, పెంచి చూడు.

డ్రోన్ గురించి మాత్రం గబగబా చెప్పను. కనుమకు ఇటు ఖీర్‌గంగా జాతీయ ఉద్యానవనం, అటు పిన్ వ్యాలీ జాతీయ ఉద్యానవనం. వన్యప్రాణుల సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇలాంటి చోట్ల చిత్రీకరణకు అటవీ శాఖ అనుమతి కావాలి. డ్రోన్ 250 గ్రాముల లోపుదే కదా అని అక్కడ ఎగరేస్తానంటే కుదరదు. అనుమతి వచ్చినా నేనైతే తీసుకువెళ్లవద్దనే అంటాను. పైనుంచి చూస్తే మీరు చీమలు. మీ నడక ఎవరిదైనా కావచ్చు. పిన్ లోయలో ఐబెక్స్ అనే కొండమేకల మందలు ఉంటాయి, ఆ చప్పుడుకు అవి బెదిరి పరుగెడితే ఆ షాట్ ఎంత బాగా వచ్చినా నేను మాటలు రాయను. అన్నట్టు, అమెరికాలో ఉన్న మీ బావగారు ఇస్తానన్న ఉపగ్రహ సందేశ పరికరం వద్దు. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి వాడడం చట్టవిరుద్ధం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

ఇక నా పని, రాత. రోజూ సాయంత్రం, గుడారంలో దూరగానే, అన్నం తినకముందే, అరపేజీ రాయి. పెన్సిలుతో రాయి, పెన్ను చలికి మొరాయించవచ్చు. ఏమి రాయాలో చెప్పడానికి మన ఊరివాడే ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య అప్పట్లో ఇక్కడ ఉన్న సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే భాషలు మార్చి చెప్పేవాడు. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి మరుసటి సంవత్సరం సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. మజిలీ మజిలీకి ఆయన రాసిపెట్టుకున్నది చూడు. దారి ఇసుకా రాయా, నీళ్లు ఎక్కడ, ఆ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, దిగడానికి వసతి ఉందా. కెమెరాలు ఇంకా వాడుకలోకి రాని కాలంలో రాసిన ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఈనాడు చదివినా దారి కళ్లకు కడుతుంది. ఆయన ఆశ్చర్యపడ్డ చోట్ల కన్నా లెక్క రాసుకున్న చోట్లే నాకు ఎక్కువ ఇష్టం. నువ్వూ అలాగే రాయి. ఈరోజు ఎవరు ఎక్కువ బరువు మోశారు, ఎవరు ఎవరితో మాట్లాడలేదు, అన్నంలో ఏమి కలుపుకున్నారు, కిరోసిన్ వాసన దేనికి పట్టింది, గైడు ఏ రాయి దగ్గర ఆగి ఆకాశం చూశాడు. ఫుటేజీలో ఉన్నది రాయకు, అది ఉండనే ఉంది. పాండు పుల్ దగ్గర పెద్ద బండలే వంతెనగా ఉంటాయి, పాండవులు వేశారని అక్కడివాళ్ల నమ్మకం. ఆ కథ నీ పది పేజీల్లో ఇప్పటికే వచ్చేసింది. నాకు ఆ కథ కంటే, ఆ బండ ఎక్కేటప్పుడు మీలో ఎవరి కాళ్లు వణికాయో కావాలి. అది ఏ కార్డులోనూ ఉండదు, ఎందుకంటే ఆ సమయంలో ఎవరూ కెమెరా పట్టుకుని ఉండరు.

సినిమాకు వెన్నెముక ఏమిటని అడిగావు. మిత్రుల మధ్య గొడవో, ప్రమాదమో జరిగితే తప్ప కథ ఉండదని నీ భయం. అక్కడ నేలే ఒక కథ చెబుతుంది, నువ్వు దాన్ని వరుస తప్పకుండా తియ్యాలంతే. పార్వతీ లోయ ఉన్న కుల్లూ వైపు వానమబ్బులు వచ్చి కురుస్తాయి, అడవి, పచ్చిక, బురద. ఆ మబ్బులను ఎత్తైన కొండల వరుస ఆపేస్తుంది. కనుమ దాటి స్పితి వైపు దిగితే ఎండు నేల, గోధుమరంగు కొండలు, పొడిగాలి. ముద్ గ్రామం చేరేసరికి మీ బూట్ల మీద బురద స్థానంలో దుమ్ము ఉంటుంది. రోజూ ఉదయం ఒకే రకంగా, బూట్లు వేసుకునే చోట నేలను ఒక నిమిషం తియ్యి. వ్యాఖ్యానంలో ఒక్క మాట అనకుండానే ప్రాంతం మారిపోవడం కనిపిస్తుంది.

మీతో వచ్చే పోర్టర్ల గురించి నీ పేజీల్లో ఒకే ఒక్క పదం ఉంది, ‘సహాయకులు’. మీ బియ్యం, మీ గుడారం మోసేది వాళ్లే. మీకంటే ముందు నడిచి, మీరు చేరేసరికి టీ పెట్టి ఉంచేదీ వాళ్లే. వాళ్ల పేర్లు మొదటి రోజే నోటుపుస్తకంలో రాసుకో, చివర్లో మీ పేర్లతో సమానమైన అక్షరాల్లో వెయ్యి. తీసే ముందు అడుగు. వద్దంటే మానెయ్యి. మాట్లాడితే వాళ్ల భాషలోనే వినిపించు, కింద తెలుగులో వేద్దాం. ఆ గొంతు మీద మన గొంతు ఎక్కించే పని నేను చెయ్యను. ఇంకొకటి, షాట్ కోసం బరువుతో ఉన్న మనిషిని వెనక్కి నడిపించి మళ్లీ రమ్మనవద్దు. ట్రైపాడ్‌తో నీకు ఎలాగూ ఆ యోగం ఉంది, చాలు.

తిరిగి వచ్చాక వెంటనే నాకు ఫుటేజీ పంపకు. ముందు నోటుపుస్తకం పంపు, చదివి గుర్తులు పెట్టి ఇస్తాను. మొదటి కూర్పు గంటన్నర వస్తుంది, అందరికీ అంతే వస్తుంది. దాన్ని నలభై నిమిషాలకు తెచ్చాక ఒక ఆదివారం ఇంటికి రా. పెద్ద తెర లేదు, మా టీవీలోనే చూడాలి. మీ అమ్మగారిని కూడా తీసుకురా. వాలు, చలి తెలిశాయో లేదో చెప్పడానికి కొండ ఎప్పుడూ ఎక్కని మనిషి నాతో పాటు ఇంకొకరు ఉండాలి.