గరుసు గ్రౌండులో పిల్లలకు స్లైడింగ్ టాకిల్ నేర్పాలా?

మీరు అడిగినవి రెండు. అనంతపురం పక్కన హైస్కూలు ఫుట్‌బాల్ టీం, 13, 14 ఏళ్ల పిల్లలు, గరుసు గ్రౌండు, ఇక్కడ స్లైడింగ్ టాకిల్, అంటే నేల మీద జారుతూ ఎదుటివాడి కాలి దగ్గరి బంతిని తన్నేయడం, నేర్పొచ్చా? బంతికి ముందు తగిలి తర్వాత కాలికి తగిలితే ఫౌల్ కాదన్నది నిజమేనా?

రెండోది ముందు చెప్తాను. నిజం కాదు. "బంతికే తగిలింది సార్" అన్న మాట మన టోర్నమెంట్లలో ప్రతి మ్యాచ్‌లోనూ వినిపిస్తుంది. కానీ బంతి ముందు తగిలితే ఏం చేసినా చెల్లుతుందని ఫౌళ్ల గురించి చెప్పే ఫుట్‌బాల్ 12వ నిబంధనలో ఎక్కడా లేదు. టాకిల్ అజాగ్రత్తగా ఉంటే ఫ్రీకిక్. ఎదుటివాడికి ప్రమాదమని లెక్కచేయకుండా వెళ్తే ఎల్లో కార్డు. అవసరానికి మించిన బలం వాడినా, ఎదుటివాడి భద్రతకే ముప్పు తెచ్చినా రెడ్ కార్డు. ముందు నుంచా, పక్క నుంచా, వెనక నుంచా, ఒక కాలా, రెండు కాళ్లా అన్న తేడా లేదు. దురుద్దేశం ఉందా లేదా అన్నదీ అడగరు. 2008లో బర్మింగ్‌హామ్ డిఫెండర్ మార్టిన్ టేలర్ టాకిల్‌కు ఆర్సెనల్ ఆటగాడు ఎడ్వార్డో కాలు విరిగింది. కావాలని చేశాడా లేదా అని చాలా వాదనలు నడిచాయి. ఎడ్వార్డో మాత్రం దాదాపు ఏడాది ఆటకు దూరమయ్యాడు.

ఇక మొదటిది. గరుసు నేల మీద ఈ వయసులో నేర్పొద్దు. చర్మం గీసుకుపోవడం చిన్న సంగతి. తొడ చెక్కుకుపోతుందని పిల్లాడికి ముందే తెలుసు కాబట్టి వాడు జారడు, దూకుతాడు. నేల వదిలాక దిశ మార్చుకోలేడు, వేగం తగ్గించుకోలేడు. కాలు చాచి ఉంటుంది, బూటు అడుగున ఉండే స్టడ్స్ (మొనలు) ఎదుటివాడి వైపు లేచి ఉంటాయి. ఎదుటివాడు ఆ క్షణంలో దెబ్బ తగిలే కాలి మీదే బరువు మోపి ఉంటే దెబ్బ మొత్తం ముంగాలు ఎముకే తీసుకుంటుంది. పాదం గాల్లో ఉంటే కాలు వెనక్కి పోతుంది, కొంత తప్పించుకుంటాడు. మోపిన పాదానికి పోవడానికి చోటుండదు.

నిలబడి చేసే టాకిల్ బాగా వస్తే స్కూలు స్థాయిలో స్లైడింగ్ అవసరం చాలా తక్కువ. ఆఖరి రెండు మూడు అడుగులు చిన్నవి చేసి వేగం తగ్గించాలి. ఒంటిని కొంచెం పక్కకు తిప్పి నిలబడాలి. బంతి ఎదుటివాడి కాలి నుంచి దూరం జరిగే దాకా ఆగాలి. తొందరపడి కాలు పెట్టేవాడే ఫౌల్ చేస్తాడు. తర్వాత ఆధార పాదం బంతి పక్కన, మోకాళ్లు వంచి, చీలమండ బిగించి, పాదం లోపలి వైపుతో బంతి నడిమధ్యకు తగలాలి. బరువు బంతి మీదికి వంగి ఉండాలి. పిల్లలు భయంతో వెనక్కి వాలుతారు, వాలగానే పాదం పైకి లేచి స్టడ్స్ ఎదుటివాడి ముంగాలికి తగులుతాయి. చీలమండ వదులుగా ఉంటే దెబ్బ టాకిల్ చేసేవాడికే, మోకాలు లోపలికి మెలి తిరుగుతుంది. ఇద్దరి మధ్య బంతి కదలకుండా పెట్టి, ముందు నడక వేగంలో, అది కుదిరాకే పరుగులో చేయించండి.

ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో లాంటి పచ్చిక దొరికితే, కాస్త పెద్ద పిల్లలకు స్లైడింగ్ మొదలుపెట్టండి. ఎప్పుడూ పక్క నుంచే రావాలి. కింది కాలు మోకాలి దగ్గర మడిచి దాని పక్క భాగం మీద జారాలి, పై కాలితో బంతిని తోయాలి. పాదం బంతి సగం ఎత్తు, అంటే సుమారు 11 సెంటీమీటర్లు దాటకూడదు. అరచెయ్యి వెనక ఆనించి కూలబడితే మణికట్టు విరగొచ్చు.

మన గట్టి నేలకు పొడవైన ఇనుప స్టడ్స్ దిగవు, పొట్టి రబ్బరు స్టడ్సే మేలు. అరిగి అంచు పదునెక్కిన వాటిని మ్యాచ్‌కు ముందు వేలితో తడిమి పక్కన పెట్టించండి. ముంగాలిని కాపాడే షిన్ గార్డ్స్ తప్పనిసరి, సాక్సులో పూర్తిగా కప్పుకోవాలి. అట్టముక్కలు దూర్చి సరిపెట్టుకోవడానికి ఒప్పుకోకండి. వారానికి కనీసం రెండుసార్లు ఫిఫా 11+ అనే, గాయాలు తగ్గించే వ్యాయామాల వార్మప్ చేయించండి. 20 నిమిషాలు చాలు, బంతి తప్ప పెద్దగా పరికరాలు అక్కర్లేదు.

దెబ్బ తగిలాక జరిగే తప్పులు ఇంకా బాధాకరం. లేపి నడిపించి చూస్తారు, నూనె రుద్దుతారు, నేరుగా పుత్తూరు కట్టుకు బయల్దేరుతారు. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా ముందు ఎక్స్‌రే తీయించాల్సిందే. కాలు వంకర తిరిగి ఉంటే సరిచేయొద్దు, ఉన్న స్థితిలోనే రెండు పక్కలా అట్ట పెట్టి మోకాలి పైదాకా కట్టండి. వేళ్లు చల్లబడుతున్నాయా, స్పర్శ ఉందా చూస్తూ ఉండండి. ఎముక విరిగిందనిపిస్తే నీళ్లు కూడా తాగించొద్దు, ఆపరేషన్ అవసరం పడొచ్చు. తలకు దెబ్బ తగిలి తికమకగా ఉన్నవాణ్ని ఆ రోజు మళ్లీ ఆడించొద్దు, రాత్రి ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. వాంతులైతే వెంటనే ఆసుపత్రికి. 108కి ఫోన్ చేసేవాడు ఒకడు, గేటు దగ్గర నిలబడి అంబులెన్సును లోపలికి తెచ్చేవాడు ఇంకొకడు అని మ్యాచ్ మొదలయ్యే ముందే పేర్లు చెప్పి పెట్టండి.