పాట బాగానే ఉంది, గొంతే పక్క గదిలో ఉంది

ప్రశ్న: కింది స్వరాలు పలికే ఆరున్నర అంగుళాల వూఫర్, పై స్వరాలు పలికే అంగుళం ట్వీటర్ కొని, పాత అల్మరా చెక్కతో పెట్టెలు చేసి, ఆ స్వరాలను రెండింటికీ పంచే రెడీమేడ్ క్రాసోవర్ బోర్డు పెట్టి సొంతంగా స్పీకర్లు తయారుచేశాను. సౌండ్ గట్టిగానే వస్తోంది కానీ పాడేవాళ్ల గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టుంది, తాళాలేమో చెవిలో గుచ్చుకుంటున్నాయి. ఇంకాస్త ఖరీదైన ట్వీటర్ కొంటే సరిపోతుందా?

జవాబు: కొనకండి. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ క్రాసోవర్ దగ్గర పుట్టేవే, ట్వీటర్ మార్చినా మళ్లీ అక్కడికే వస్తారు. ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఆంప్లిఫయర్ ఆపేసి, ఒక స్పీకర్‌లో ట్వీటర్‌కి వెళ్లే రెండు వైర్లను తారుమారు చేసి, మీకు బాగా తెలిసిన పాటను ఆ ఒక్క స్పీకర్‌లోనే వినండి. గొంతు ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడిందంటే మీ జబ్బు సగం అదే, రెండో స్పీకర్‌లో కూడా అలాగే మార్చేయండి. వూఫర్‌కీ ట్వీటర్‌కీ కాయిల్ ఒకటి, కెపాసిటర్ ఒకటి చొప్పున ఉండే మామూలు క్రాసోవర్‌లో, వూఫర్ నుంచి ట్వీటర్‌కి పని మారే చోట ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంటుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, అక్కడ పడే గుంటలో గొంతులోని స్పష్టత అంతా పోతుంది.

ఇక చెవిలో గుచ్చుకోవడం సంగతి. రెండింటి డేటాషీట్లూ తీసి సెన్సిటివిటీ, అంటే ఒకే పవర్‌కి ఏది ఎంత గట్టిగా మోగుతుందో చూడండి. వూఫర్ 87 డెసిబెల్స్, ట్వీటర్ 91 ఉందనుకుందాం, ఆ 4 డెసిబెల్స్ తగ్గించకుండా వదిలేస్తే తాళాలు గుచ్చుకోక ఏం చేస్తాయి? ఎనిమిది ఓమ్‌ల ట్వీటర్‌కైతే దానికెళ్లే వైరు మధ్యలో సిరీస్‌లో 3 ఓమ్‌లు, ట్వీటర్ రెండు కొసల మధ్య సుమారు 13.5 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే సరిపోతుంది. అయినా ఇంకా పల్చగా అనిపిస్తే ఆశ్చర్యపోకండి, ఎందుకంటే పెట్టె ముందు పలక 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే దాదాపు 575 హెర్ట్జ్ కింద శబ్దం ముందుకే కాకుండా పెట్టె చుట్టూ వెనక్కి కూడా వెళ్లిపోతుంది, అలా కింది స్వరాలు క్రమంగా 6 డెసిబెల్స్ దాకా పడిపోతాయి. మంచి క్రాసోవర్ డిజైన్‌లో దీన్ని కూడా సరిచేస్తారు. రెడీమేడ్ బోర్డుకి మీ పలక వెడల్పు ఎలా తెలుస్తుంది? స్పీకర్ మీద 8 ఓమ్‌లు అని రాసి ఉన్నా అది కూడా అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఎనిమిదే ఉండదు, రెజొనెన్స్ దగ్గర, అంటే కోన్ తనంతట తాను ఊగే సహజ ఫ్రీక్వెన్సీ దగ్గర, పదుల ఓమ్‌లకి ఎగబాకుతుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ట్వీటర్ కోసం దాచిన డబ్బుతో ముందు స్పీకర్ శబ్దాన్ని కొలిచే మెజర్‌మెంట్ మైకు ఒకటి కొనండి. ఆ కొలతను గ్రాఫ్‌గా చూపే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. మీ పెట్టెలో, మీ వూఫర్, ట్వీటర్లతో తీసిన గ్రాఫ్ చూశాకే కాయిల్, కెపాసిటర్ విలువలు తేల్చుకోండి.

ప్రశ్న: పెట్టె ఎంత పెద్దదైతే బేస్ అంత బాగుంటుందంటారు, నిజమేనా?

జవాబు: కాదండీ, వూఫర్‌కి తగ్గ పెట్టె కావాలి. 1961లో నెవిల్ థీల్, 70ల మొదట్లో రిచర్డ్ స్మాల్ అనే ఇంజనీర్లు చేసిన పని వల్ల ఈ లెక్క ఇప్పుడు కాగితం మీదే తేలిపోతుంది. డేటాషీట్‌లో ఎఫ్‌ఎస్ (వూఫర్ సొంత రెజొనెన్స్) 40 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊగుడు ఎంత అదుపులో ఉందో చెప్పే క్యూ అంకె) 0.35, వీఏఎస్ (కోన్ స్ప్రింగ్‌తో సమానంగా పనిచేసే గాలి పరిమాణం) 27 లీటర్లు అని ఉందనుకోండి. గాలి చొరని మూసిన పెట్టెలో ఆ క్యూ 0.7కి రావాలంటే, అంటే రెట్టింపు కావాలంటే, పెట్టె వీఏఎస్‌లో మూడో వంతు ఉండాలి, 9 లీటర్లు. రెజొనెన్స్ కూడా రెట్టింపై 80 హెర్ట్జ్‌కి చేరుతుంది, అంతకంటే కిందికి బేస్ మెల్లగా తగ్గుతుంది. ఇంకా లోతు కావాలంటే పోర్ట్, అంటే గాలి ఆడే గొట్టం, ఉన్న పెట్టె చేయాలి, అది ఇంకాస్త పెద్దదవుతుంది, ట్యూనింగ్ తప్పితే గుంయ్‌మంటుంది. మొదటిసారి చేసేవాళ్లు మూసిన పెట్టెతోనే మొదలుపెట్టడం మంచిదని నా గట్టి నమ్మకం.

చెక్క 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పొట్టును అదిమి చేసిన పలక) గానీ ప్లైవుడ్ గానీ తీసుకుని, లోపల ఎదురెదురు పలకల మధ్య ఒక అడ్డపట్టీ బిగించండి. నా మొదటి పెట్టె పల్చటి చెక్కతో చేశాను, పాట పెట్టి పక్క పలక మీద అరచెయ్యి ఆనిస్తే పలకే పాడుతున్నట్టు వణికేది, అడ్డపట్టీ అతికించాక ఆ వణుకు పోయింది. ఇంకో పరీక్ష, అన్నీ బిగించాక వూఫర్ కోన్‌ని నాలుగు వేళ్లతో చుట్టూ సమంగా, మెల్లగా లోపలికి నొక్కి కాసేపు పట్టి చూడండి. లోపలి గాలి వేళ్లను అలాగే ఎదురు నెడుతుంటే పెట్టె బిగువుగా ఉన్నట్టే, ఆ ఒత్తిడి సడలిపోతే ఏదో ఒక అతుకు దగ్గర గాలి పోతోంది.

ప్రశ్న: ఖరీదైన స్పీకర్ వైరు వాడితే తేడా తెలుస్తుందా?

జవాబు: మూడు మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ చాలు. ప్లస్, మైనస్ రెండు స్పీకర్లకీ ఒకేలా కలిపారో లేదో మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి.