ట్రైలర్ టైరుకి గ్రిప్పు ఒక్కటే చూస్తే సరిపోదు

రెండేళ్లుగా షెడ్డులో ఉన్న చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌ని గుంటూరు నుంచి సూర్యలంక లాక్కెళ్లాలి, గ్రిప్పు బాగుంది, చాలదా అని అడిగారు కదన్నా. చాలదు. కదలకుండా నిలబెట్టిన టైరు అరక్కుండానే పాడవుతుంది. రెండో చక్రానికి అడ్డు పెట్టి, జాకీతో లేపి, చేత్తో మెల్లగా తిప్పుతూ లోపలి పక్క తడమండి. నాది బయటికి కొత్తదానిలా ఉండేది, లోపల నిమ్మకాయంత ఉబ్బు వేళ్లకి తగిలింది. ఉబ్బిందంటే లోపల దారాలు తెగినట్టే, పంక్చర్ షాపులో అతికేది కాదు, మార్చాల్సిందే. టైరు పక్క భాగం మీద నాలుగంకెలు ఉంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటితే మన ఎండల్లో నేనైతే నమ్మను. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. స్టెప్నీని కూడా తడమండి, దాన్ని అందరూ మర్చిపోతారు.