పిల్లలు పై షడ్జం దగ్గర అరుస్తుంటే ముందు శ్రుతి చూడండి

సంగీతం నేర్చుకునే పిల్లలు పై షడ్జం (పై స) దగ్గర అరుస్తున్నారని అడిగారు. తప్పు పిల్లలది కాదు, శ్రుతిది, అంటే స ఎక్కడ పెట్టుకున్నామన్నదానిది. మీ గొంతుకు సరిపోయే 1 శ్రుతిలోనే సరళీ స్వరాలు (మొదటి పాఠాల స్వర వరసలు) చెప్తున్నానన్నారు కదా, కావలిలో మీ దగ్గరికొచ్చే ఆరేళ్ల పిల్లలకు ఆ కింది షడ్జం అందదు, ఒక స్థాయి పైన పట్టుకుంటే పై షడ్జం దగ్గర అరుపే వస్తుంది.

1. శ్రుతి పెట్టెలో (శ్రుతిని వినిపించే పెట్టె) 5, 5½, 6 మార్చి చూడండి, ఇవి మీ 1కీ దాని పై స్థాయికీ మధ్యవి. కింది స, పై స రెండూ తేలిగ్గా పలికిందే వాళ్ల శ్రుతి.

2. చాలామంది వదిలేసేది ఇదే. వరసలకు ముందు స, ప, పై స మాత్రమే అకారంతో నిదానంగా పాడించండి, మీరు మాత్రం కలిసి పాడకండి, పాడితే వాళ్లు శ్రుతిని వదిలేసి మీ గొంతునే వింటారు. గడ్డం పైకి లేచి మెడ నరాలు బిగిశాయంటే అక్కడే ఆపి అర శ్రుతి తగ్గించండి. గట్టిగా పాడమని అనొద్దండీ, లేత గొంతులు.

3. ఆ తర్వాతే సరళీ స్వరాలు, మాయామాళవగౌళ రాగం, ఆది తాళం (ఎనిమిది అక్షరాల తాళం), మొదటి కాలంలో, అంటే నిదానంగా.