రిగ్గులు తగ్గినా చమురు ఎలా పెరిగింది?

ప్రశ్న: అమెరికాలో షేల్ రిగ్గులు బాగా తగ్గాయంటారు, ఉత్పత్తి మాత్రం పెరిగిందంటారు. ఇదెలా సాధ్యమండీ?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మంచి ప్రశ్నే వేశారు. రిగ్గంటే చమురు బావి తవ్వే యంత్రం, షేల్ అంటే చమురు ఇరుక్కుని ఉండే గట్టి రాతిపొర. 2014లో అక్కడ దాదాపు 1,600 ఆయిల్ రిగ్గులుండేవి, రోజుకు 90 లక్షల పీపాల లోపే వచ్చేది. 2023 చివరికి రిగ్గులు 500కి దిగాయి, ఉత్పత్తేమో కోటీ ముప్పై లక్షలకు చేరింది! కిటుకంతా డ్రిల్లింగ్‌లోనే ఉంది. టెక్సస్‌లోని పర్మియన్ బేసిన్ అనే చమురు ప్రాంతంలో బావిని రెండు మూడు కిలోమీటర్లు నిలువుగా దించి, అక్కడ అడ్డంగా తిప్పి, షేల్ పొర వెంబడే మూడు కిలోమీటర్లు, ఒక్కోసారి ఇంకా దూరం తీసుకెళ్తారు, అలా ఒక్కో బావికే ఎక్కువ చమురు అందుతుంది. బిట్ (రాయిని తొలిచే మొన) వెనకున్న సెన్సర్లు రాయి ఎలాంటిదో డ్రిల్లింగ్ బురదలో (తవ్వేటప్పుడు బావిలోకి పంపే చిక్కటి ద్రవంలో) ఒత్తిడి అలల ద్వారా పైకి చెబుతుంటాయి, దాన్నిబట్టి దారి సరిచేస్తారు. పైగా రిగ్గును విప్పకుండానే పక్కకి నడిపించి ఒకేచోట బోలెడు బావులు తవ్వేస్తారు, రోజులు కలిసొస్తాయి. ఆ తర్వాత నీళ్లూ ఇసుకా ఒత్తిడితో కొట్టి రాయిని పగలగొట్టడం మామూలే.

అయితే ఈ బావులు మొదటి ఏడాదిలోనే సగానికి పైగా నీరసించిపోతాయి, అందుకే తవ్వుతూనే ఉండాలి. చమురుతోపాటు వచ్చే ఉప్పునీటిని మళ్లీ భూమిలోకి దించితే పశ్చిమ టెక్సస్‌లో భూకంపాలు కూడా వచ్చాయి, ఆ బెడద ఇంకా తీరలేదు.